రోజూ కృతజ్ఞతల డైరీ రాస్తుంటే కథలు చప్పబడుతున్నాయి, మీకెవరికైనా ఇట్టా అయిందా?

నాలుగోలైను
మాది గుంటూరు, బ్రాడీపేట. రిటైరై ఇంట్లోనే ఉంటున్నా, అప్పుడప్పుడు పత్రికల్లో కథలు వస్తుంటాయి, పేరున్న రచయితనేం కాదు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ తెచ్చిచ్చింది, పేజీకి మూడు గీతలు, పైన "ఈ రోజు నేను దేనికి కృతజ్ఞుడిని" అని అచ్చేసి ఉంది. బీపీ ఉంది కదా నాన్నా, పడుకునేముందు మూడు మంచి సంగతులు రాసుకో, మనసు తేలికపడుద్ది అంది. సరే అని మొదలెట్టా. నిద్ర బాగానే పడుతోంది, అబద్ధం చెప్పను. కథే రావట్లా. ఇదివరకు పొద్దున పాలప్యాకెట్‌కి వెళ్లొస్తే చాలు, ఎవడో ఒకడు బండి అడ్డం పెట్టి ఉంటాడు, ఎవరో ఒకావిడ చెత్తంతా పక్కింటి గేటు ముందుకి తోసుంటది, అది కడుపులో కుతకుతలాడి మధ్యాహ్నానికి కథయ్యేది. ఇప్పుడు అదే చూసి పోనీలే అనుకుంటున్నా. మొన్న పంపిన కథ తిరిగొచ్చింది, ఎడిటర్ గారు ఫోన్ చేసి మరీ "ఈమధ్య మీ పాత్రలన్నీ మరీ మంచోళ్లైపోయారేంటండీ" అన్నారు.

డైరీ మానేయాలా, కథలు మానేయాలా? సీరియస్‌గానే అడుగుతున్నా, బీపీ మాత్రల జోకులు వేయొద్దు.

పచ్చిమిర్చి
ఆ డైరీ ఇటివ్వండి, మా మేనేజర్‌కి ఇస్తా.

కృష్ణలంక_కుర్రోడు
మాత్ర కరెక్ట్‌గా పనిచేస్తోందన్నమాట. సారీ అంకుల్, ఆపుకోలేకపోయా.

ఎర్రసిరా
మానేయాల్సింది డైరీనే, ఇందులో ఆలోచించేదేముంది. అన్నీ బానే ఉన్నాయి అనుకునేవాడికి కథతో పనేంటి? మీ ఊళ్లోనే కన్నుమూసిన జాషువా గారు (1895-1971) తనకి గురువులు ఇద్దరని చెప్పుకున్నారు, పేదరికం ఒకటి, కులమత భేదం ఇంకోటి. ఆ మూడు గీతల నోట్‌బుక్‌లో అవి పడతాయా? ఈ పాజిటివ్ గోల అంతా ఆఫీసుల్లో జీతం పెంచకుండా జనాన్ని నవ్విస్తూ కూర్చోబెట్టడానికి పుట్టింది.

శతకం మాస్టారు
ఎర్రసిరా గారు సగమే చెప్పారు. మొదటి గురువు సహనం నేర్పింది, రెండోది ఎదిరించే శక్తి పెంచింది తప్ప బానిసని చేయలేదు, అని కూడా అన్నారాయన. గురువు అని పిలిచాడంటే ఏదో పుచ్చుకున్నానని ఒప్పుకున్నట్టే కదా.

ఎర్రసిరా
గురువు అన్నంత మాత్రాన దణ్ణం పెట్టినట్టా మాస్టారూ? అది ఎత్తిపొడుపు. పక్కన కూర్చోనివ్వనోళ్లకి థ్యాంక్స్ కార్డు రాయమంటారా ఇప్పుడు.

శతకం మాస్టారు
దణ్ణం అని నేననలా. తనని ఏవేవి తయారుచేశాయో పేరుపెట్టి చెప్పాడు అంటున్నా. "నన్ను ఇంతవాణ్ణి చేసిన అందరికీ" అని ఊరుకోలేదు.

లెక్కల టీచర్
నాలుగోలైను గారూ, మీరు రోజూ రాస్తున్నారు, చిక్కు అక్కడే ఉందేమో. ఈ కృతజ్ఞతల లిస్టు మీద ఎక్కువమంది చెప్పే స్టడీ 2003లో ఎమ్మన్స్, మెకల్లో అని ఇద్దరు సైకాలజిస్టులు చేశారు. మొదటి దాంట్లో మనుషుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు కృతజ్ఞతలు రాయాలి, ఒక గుంపు ఆ వారం పడ్డ చిరాకులు రాయాలి, మూడో గుంపు మంచీచెడూ కాకుండా ఏం జరిగిందో అది రాయాలి. వారానికి ఒక్కసారే, ఐదు సంగతుల దాకా, పది వారాలు. కృతజ్ఞతలు రాసినోళ్లు జీవితం మీద కాస్త ఎక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పారు. తర్వాత 2005లో ల్యుబోమిర్‌స్కీ వాళ్లు ఆరు వారాలు చూస్తే వారానికి ఒకసారి రాసినోళ్లకే తేడా కనిపించింది, మూడుసార్లు రాసినోళ్లకి కనిపించలా. రోజూ రాస్తే చెయ్యి రాసుద్ది, మనసు రాయదు.

అయినా వీళ్లెవరూ ఆ చిరాకుల గుంపులో కథలెవరు రాశారని లెక్కపెట్టలేదు. నాకైతే ఆ గుంపులోనే ఉంటారనిపిస్తోంది.

పచ్చిమిర్చి
చిరాకుల గుంపులో సీట్లు ఖాళీ ఉన్నాయా? బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి ఫామ్ నింపుతా.

పోపులపెట్టె
మగవాళ్లంతా కోపం కావాలా కృతజ్ఞత కావాలా అని తెగ బాధపడిపోతున్నారు. నేనూ రాస్తా, సత్యనారాయణపురం మాది, మీరు చదివే ఉంటారు కానీ పేరు చెప్పను. నాకు ఈ రెండిట్లో ఏదీ కొరత లేదు. కొరతంతా గదికి గడియ. తెల్లారుజామున లేచి రాసుకుంటుంటే మా ఆయన "దోశల పిండి తీశావా" అని తలుపు తోసుకుని వస్తారు, పాపం మంచిగానే అడుగుతారు. కరెంటు బిల్లుల వెనకాల, క్యాలెండర్ కాగితాల వెనకాల రాసిన కథలే నావి ఎక్కువ.

ఇంక పుస్తకాల్లో రాస్తారే, "నా సాహితీ సాధనలో ఓర్పుతో సహకరించిన నా శ్రీమతికి" అని. ఆవిడ ఏం చేసిందో ఒక్కళ్లు రాశారా? కాయితాలు సర్దిందా, పత్రికలకి పోస్టు చేసిందా, మొదటి కాపీ చదివి ఈ ముగింపు బాలేదని చెప్పిందా, లేకపోతే ఈయన రాస్తున్నంతసేపూ పిల్లలు అరవకుండా నోరు మూసిందా? ఓర్పు అంట ఓర్పు. ఓర్పు ఒక పనా?

ఎర్రసిరా
ఇది కరెక్ట్. ఇది నేను ఒప్పుకుంటా.

నాలుగోలైను
మేడమ్, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. నా పుస్తకంలో తన గురించి ఏం రాశానో తీసి చూపించమంది. "ఓర్పు" అనే ఉంది. ఇప్పుడు టిఫిన్ సంగతి డౌటే.

ప్రూఫు_పురుగు
ఏలూరు రోడ్డు పక్క సందులో డీటీపీ చేస్తుంటా చాలా ఏళ్లనుంచి. ఆ కృతజ్ఞతల పేజీ ఎట్టా తయారవుద్దో చెప్తా వినండి. అన్నిటికంటే ఆఖర్న వస్తది అది. లోపల మేటరంతా సెట్ చేసి, ప్రూఫులు దిద్ది, డెమ్మీ సైజులో 128 పేజీలు, ఫారానికి, అంటే అచ్చేసే పెద్ద కాగితానికి, 16 చొప్పున సరిగ్గా 8 ఫారాలకి కూర్చుని హమ్మయ్య అనుకునేలోపు రాత్రి పదింటికి ఫోను, "ఇంకో ఆరుగురి పేర్లు మర్చిపోయా బ్రదర్" అని. ఆ పేర్లు ఎక్కిస్తే పేజీ పెరుగుద్ది, 129వ పేజీ వచ్చిందంటే ఇంకో అరఫారం కాగితం. ఆ డబ్బులు ఎవరిస్తారు? అందుకని పాయింట్ సైజు తగ్గిస్తాం, లైన్ల మధ్య సందు నొక్కుతాం, అయినా పట్టకపోతే కొన్ని పేర్లు లేపేసి "ఇంకా సహకరించిన మిత్రులందరికీ పేరుపేరునా" అని ఒక లైను కొడతాం. పేరుపేరునా అని ఎక్కడ కనపడ్డా అక్కడ పేర్లు ఎగిరిపోయాయని లెక్క.

ఇంక టైపు చేసినోడి సంగతి అడగొద్దు. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైలు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు గల్లంతవుతాయి, కళ్లు పోయేట్టు కూర్చుని ఏరుకుంటాం. పుస్తకం వచ్చాక తప్పు దొరికితే "డీటీపీ వాళ్ల పొరపాటు" అంటారు.

పచ్చిమిర్చి
అంటే కృతజ్ఞతల పేజీలో చోటు లేదు గానీ తప్పొప్పుల పట్టికలో రిజర్వేషన్ ఉందన్నమాట మీకు.

ప్రూఫు_పురుగు
అది కూడా నేనే కంపోజ్ చేయాలి మళ్లీ.

కృష్ణలంక_కుర్రోడు
మరి ఏఐతో రాయించుకున్నోళ్లు థ్యాంక్స్ ఎక్కడ వేయాలి, ముందుమాటలోనా ఆఖర్లోనా?

ఎర్రసిరా
అసలు వాళ్లు పుస్తకం మీద తమ పేరు ఎక్కడ వేసుకోవాలని అడుగు ముందు.

శతకం మాస్టారు
పోపులపెట్టె గారు, ప్రూఫుల ఆయన అడిగింది చాలా పాత ప్రశ్న. మనవాళ్లకి అవతారిక అని ఒకటి ఉండేది, కావ్యం మొదట్లో. ఇష్టదేవతల స్తుతి, పూర్వకవుల స్తుతి, ఎవరికి అంకితమిస్తున్నారో వాళ్ల వంశం, అన్నీ అక్కడే. నన్నయ భారతం అవతారికలో తనకి తోడున్న నారాయణభట్టు పేరు చెప్పాడు, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు సాయపడ్డట్టు నాకు ఈయన సాయపడ్డాడు అని. సహకరించాడు, ప్రోత్సహించాడు అనే మాటలతో సరిపెట్టలా, బండి తోలినవాడితో పోల్చాడు. వెయ్యేళ్లు కావస్తోంది, నారాయణభట్టు ఎవరో ఇంకా మనకి తెలుసు. రాజరాజ నరేంద్రుడు ఆయనకి నందంపూడి అగ్రహారం కూడా ఇచ్చాడు, 1053 నాటి శాసనం ఉంది.

తిక్కన గారైతే, ఇది గుంటూరోళ్లు వినండి, నిర్వచనోత్తర రామాయణంలో గుంటూరి విభుడైన మా తాత మంత్రి భాస్కరుణ్ణి తలుచుకునైనా లోకం నా కావ్యాన్ని ఆదరిస్తుంది, వేరే నా కృతి గుణాలు చెప్పడం ఎందుకు అన్నాడు. ఆయన శిష్యుడిలాంటి కేతన దశకుమార చరిత్రని ఏ రాజుకీ కాకుండా తిక్కనకే అంకితమిచ్చాడు.

నాలుగోలైను గారికి అసలు సంగతి ఇది. ఆ అవతారికల్లో పూర్వకవి స్తుతి పక్కనే కుకవి నింద ఉంటుంది. పెద్దలకి దణ్ణం పెట్టిన చేత్తోనే చెత్తకవుల్ని ఉతికేవాళ్లు. ఒకటి రాస్తే రెండోది రాయకూడదని ఎవరూ అనుకోలా.

పచ్చిమిర్చి
తిక్కన టైములోనే గుంటూరు రెకమండేషన్ నడిచిందన్నమాట.

ప్రూఫు_పురుగు
ఆయనకి ఊరిచ్చారు. మన దగ్గర రాసినోడికే పాతిక కాపీలిచ్చి అమ్ముకోమంటున్నారు.

పోపులపెట్టె
మాస్టారూ, అంతా బాగానే ఉంది, ఆ అవతారికల్లో ఒక్క వంటింటి మనిషైనా ఉందా? రాజులు, మంత్రులు, తాతలు. వేయిపడగలు 1934లో 29 రోజుల్లో చెప్పారని మన బెజవాడలో కథకథలుగా చెప్పుకుంటారు, విశ్వనాథ వారు ఆశువుగా చెప్తుంటే తమ్ముడు రాశారు. ఆ తమ్ముడి చెయ్యి ఎంత లాగిందో అడిగినవాళ్లు లేరు. ఆ 29 రోజులూ ఇద్దరికీ అన్నం ఎవరు పెట్టారో అసలే లేరు. నేను ఆయన గొప్పతనాన్ని ఏమీ అనట్లేదు, గొడవకి రాకండి.

శతకం మాస్టారు
గొడవేం లేదమ్మా. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

సింగ్‌నగర్ సీను
ఇంతసేపు చదివి ఊరుకున్నా, నాదొకటి చెప్తా, కొంచెం పెద్దది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మా ఇల్లు కిందిభాగమంతా నీళ్లల్లో ఉంది, పైన డాబా మీద నలుగురం, మా అమ్మతో కలిపి. రాసుకున్న నోట్‌బుక్కులన్నీ కింద బీరువాలో ఉండిపోయాయి, ఒక్కటీ మిగల్లా. కరెంటు లేదు, ఫోను చచ్చింది, తాగే నీళ్లు అయిపోయాయి. మా సందు చివర కిళ్లీకొట్టు నడిపే కుర్రాడు థర్మాకోల్ షీట్లు నాలుగు తాళ్లతో కట్టి దాని మీద పాలప్యాకెట్లు, నీళ్లబాటిళ్లు పెట్టుకుని ఛాతీ లోతు నీళ్లల్లో తోసుకుంటూ వచ్చాడు. మా అమ్మ వాణ్ణి చూసి ఏడ్చేసింది. వాడు ప్యాకెట్ మీద ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు. అమ్మ ఏడుపు ఆపి బేరం మొదలెట్టింది, పైనించి బకెట్ దించుతూ బేరం, తాడు మధ్యలో ఆగింది, నీళ్లల్లో వాడు "పిన్నీ నా కాళ్లకి ఏదో తగులుతోంది తొందరగా తేల్చు" అని అరుపు.

తర్వాత నేను ఆ కథ రాశా. బేరంతో సహా రాశా. చదివి మా కాలనీవాళ్లు నా మీదకొచ్చారు, ప్రాణం పోసినోణ్ణి ఇట్టా దొంగబేరగాడిలా చూపిస్తావా, కృతజ్ఞత ఉందా నీకు అని. ఆ ఇరవై రూపాయల లైను తీసేసి వేరేచోట మళ్లీ వేయించమని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు. నాకూ భయమేసి కుర్రాడి దగ్గరకెళ్లా పత్రిక పట్టుకుని. వాడు కొట్టు దగ్గరే నిలబడి మొత్తం చదివాడు, మధ్యలో సిగరెట్లు అమ్ముతూ. చదివి, "అన్నా, ఇరవై కాదు, నలభై తీసుకున్నా, తగ్గించి రాశావేంటి, లోడు తెచ్చినోడు నా దగ్గర ఎంత లాగాడో తెలుసా నీకు" అన్నాడు. ఆ పత్రిక ఇప్పటికీ కొట్లో గాజుసీసాల వెనకాల పెట్టి ఉంటది, వచ్చినోళ్లకి చూపిస్తాడు.

వాణ్ణి దేవుడు అని రాసుంటే వాడు చూపించుకునేవాడు కాదు అనిపిస్తది నాకు. ఎవడో దేవుడి గురించి రాశాడులే అనుకునేవాడు.

లెక్కల టీచర్
తాడు మధ్యలో ఆగింది అన్నచోట నాకు సీను కనపడింది బ్రదర్.

ఎర్రసిరా
లోడు తెచ్చినోడి గురించి ఇంకో కథ ఉంది అందులో. అది కూడా రాయి. అసలు దొంగ అక్కడున్నాడు.

సింగ్‌నగర్ సీను
వాణ్ణి నేను చూళ్లేదండీ. చూడకుండా తిట్టాలంటే చెయ్యి రావట్లా.

పోపులపెట్టె
నాకు మీ అమ్మగారు నచ్చారు.

కృష్ణలంక_కుర్రోడు
మా ఇంట్లోకి ఆ టైములో నీళ్లు రాలేదు, మాకు కృష్ణ ఒడ్డున రిటైనింగ్ వాల్ ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ గోడ కట్టిన మేస్త్రీల పేర్లు శిలాఫలకం మీద ఉండవు, చూశారా ఎప్పుడైనా? ఊరికే ఇందాకటి డీటీపీ అన్న మాటకి గుర్తొచ్చింది.

నాలుగోలైను
సీను గారూ, మీ పోస్టు చదివాక మొన్నటిదాకా రాసిన నోట్‌బుక్ తీశా. "ఎండ బాగుంది." గుంటూరులో, మే నెలలో. "పక్కింటివాళ్లు మంచివాళ్లు." "ఆరోగ్యం బాగుంది." "కాఫీ బాగుంది." ఎవరు కలిపారో, ఏ గ్లాసులో ఇచ్చారో ఒక్క ముక్క లేదు. హోటల్ గోడ మీద అతికించే కాగితంలా ఉంది.

లెక్కల టీచర్
ఎండ బాగుందని రాసినరోజు బీపీ ఎంత ఉందండీ?

నాలుగోలైను
సరే ఇది చూడండి, పొద్దున మళ్లీ రాశా. ఎక్కడ సాగిందో చెప్పండి, మొహమాటం వద్దు.

"పైవాటాలో అద్దెకుండే ఆయన తెల్లారుజామున మోటారు వేసి మర్చిపోతాడు. ట్యాంకు పొంగి నీళ్లన్నీ నా తులసికోట మీద పడతాయి. నేను కిందనించి అరుస్తా, ఆయన పైనించి 'వస్తున్నానండీ' అంటాడు గానీ రాడు. పోయిన చలికాలం అర్ధరాత్రి నాకు చెమటలు పట్టి ఛాతీ బరువెక్కితే మా ఆవిడ కేక విని లుంగీ మీదే దిగొచ్చి, ఆటో కోసం చూడకుండా నన్ను స్కూటర్ ఎక్కించి, మా ఆవిడని వెనక కూర్చుని నన్ను పట్టుకోమని, ముగ్గురం వెళ్లాం. శంకర్ విలాస్ సెంటర్ దాటేదాకా ఆయన మోటారు కరెంటు బిల్లులో మూడోవంతు తనది కాదని, నాలుగోవంతే అని వాదిస్తూనే ఉన్నాడు. నేను మూడోవంతే అన్నా. మాట్లాడిస్తూ ఉంటే నేను స్పృహ తప్పనని అట్టా చేశాడో, నిజంగానే బిల్లు కోసం చేశాడో నాకు ఇప్పటికీ తెలీదు."

పచ్చిమిర్చి
అంకుల్ వచ్చేశారు ఫామ్‌లోకి.

పోపులపెట్టె
బాగుంది. మీ ఆవిడ వెనక కూర్చుని ఏం చేస్తోంది ఆ దారంతా? మీరిద్దరూ వాదించుకుంటుంటే ఆవిడ ఊరికే కూర్చుందా? అది రాయండి. "ఓర్పుగా కూర్చుంది" అని మాత్రం రాయకండి.

నాలుగోలైను
అడిగా ఇప్పుడే. "మోటారు స్విచ్ కట్టేశామా లేదా అని ఆలోచిస్తున్నా" అంది.

ఎర్రసిరా
ఆఖరి వాక్యం కొట్టేయండి. "తెలీదు" అని మీరు చెప్పక్కర్లా, చదివేవాడికే డౌటొస్తది.

శతకం మాస్టారు
కొట్టేయొద్దు. స్పృహ సంగతి ఆ వాక్యంలోనే మొదటిసారి తెలుస్తోంది. అది లేకపోతే ఆయన వట్టి పిసినారి.

ఎర్రసిరా
పిసినారి అనుకోనివ్వండి, పోయేదేముంది. మూడో పేరాలో డాక్టర్ చేత చెప్పించొచ్చు.

లెక్కల టీచర్
డాక్టర్ వద్దండీ, డాక్టర్ వచ్చి అర్థం చెప్పే కథలు చదవలేక చస్తున్నాం. ఇంతకీ వాదనలో ఎవరు గెలిచారు?

నాలుగోలైను
ఎమర్జెన్సీ వార్డు వచ్చేసింది, తేలలా. ఇప్పటికీ మూడోవంతే తీసుకుంటున్నా.

సింగ్‌నగర్ సీను
ఆయనకి చూపిస్తారా పత్రికలో వచ్చాక?

నాలుగోలైను
చూపిస్తే నాలుగోవంతు చేయమంటాడు.

ప్రూఫు_పురుగు
ఇక్కడ ఇంకేం పెట్టొద్దండీ, కథ మొత్తం పెట్టేట్టున్నారు. పత్రికలవాళ్లు "ఎక్కడా ప్రచురితం కాలేదు, బ్లాగుల్లో సోషల్ మీడియాలో కూడా రాలేదు" అని హామీపత్రం అడుగుతారు. పెట్టిన ముక్క కూడా వెంటనే తీసేయండి, యూనికోడ్‌లో టైపు చేసి పంపండి, పీడీఎఫ్ వద్దు.

నాలుగోలైను
తీసేయడం ఎట్టా దీంట్లో?

కృష్ణలంక_కుర్రోడు
పోస్టు పక్కన మూడు చుక్కలు ఉంటాయి అంకుల్, అది నొక్కండి. పైనది కాదు, ఆ పక్కది. అయ్యో, మొదటి పోస్టు డిలీట్ చేయకండి, థ్రెడ్ మొత్తం పోద్ది!